మందుల షాపులో ఫ్లూ టీకా వేయించుకోవచ్చా? ఇంగ్లాండ్‌లో పనిచేస్తున్న ఫార్మసిస్టు జవాబు

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా, తర్వాత చదివేవాళ్ళ కోసం. మీరు లెస్టర్‌లో ఉంటున్నారు. గుంటూరు నుంచి నాన్నగారు ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చారు. వయసు 68, షుగర్ ఉంది, మూడేళ్ళ క్రితం స్టెంట్ వేశారు, రక్తం పలచబడటానికి క్లోపిడోగ్రెల్ మాత్ర వాడుతున్నారు. మీ ఆవిడకు ఐదో నెల. పాపకు మూడేళ్ళు. మీకు ఆస్తమా, రోజూ బ్రౌన్ ఇన్‌హేలర్ (స్టెరాయిడ్ ఉన్నది) వాడతారు. మీ వీధి చివర ఫార్మసీలో ఫ్లూ టీకాలు వేస్తున్నామని బోర్డు పెట్టారు. మీకు వెళ్దామని ఉంది. నాన్నగారు మాత్రం "డాక్టరు లేకుండా మందుల షాపువాడు సూది వేయడమేమిటి" అంటున్నారు. ఏం చేయమంటారని అడిగారు.

అక్కడే వేయించుకోండి. ఇంట్లో అందరికీ టీకా అవసరమే, మీ నలుగురికీ ఆ షాపు సరిపోతుంది. పాప విషయంలో ఒక చిన్న మెలిక ఉంది, అది కింద చెప్తాను.

నేను విశాఖపట్నంలో బీఫార్మసీ చదివి ఇక్కడికి వచ్చాను. బయటి దేశాల ఫార్మసిస్టుల కోసం ఉన్న ఓస్పాప్ అనే ఏడాది కోర్సు, ఆ తర్వాత ఇంకో ఏడాది శిక్షణ, ఆ పైన జనరల్ ఫార్మాస్యూటికల్ కౌన్సిల్ పరీక్ష, ఇవన్నీ అయ్యాకే రిజిస్టర్‌లో పేరు ఎక్కింది. ఇప్పుడు సెప్టెంబరు వచ్చిందంటే చాలు, సంక్రాంతి దాటేదాకా నా పనిలో పెద్ద భాగం ఫ్లూ టీకాలే. కాబట్టి చేతిలో సిరంజి పట్టుకునే మనిషి వైపు నుంచి చెప్తున్నాను.

మొదట నాన్నగారి మాట తీసుకుందాం. దాన్ని పెద్దాయన చాదస్తం అని కొట్టిపారేయకండి. ఆయన చూసిన లోకం నుంచి వచ్చిన అనుమానం అది. మన ఊళ్ళలో ఒకే సూదిని స్టీలు గిన్నెలో మరగబెట్టి పదిమందికి వేసిన రోజులు ఆ తరం వాళ్ళకు గుర్తే. మందుల షాపు గోడ మీద ఒకరి సర్టిఫికెట్ ఫ్రేము కట్టి వేలాడుతుంటుంది, కౌంటర్ వెనక ఇంకెవరో మందులు ఇస్తుంటారు. అలాంటి చోట సూది వేస్తానంటే నేనూ చెయ్యి చాపను. అందుకే ఆయనతో "ఇక్కడ అందరూ వేయించుకుంటున్నారు నాన్నా" అని వాదించకండి. ఇక్కడ ఆ సూది వెనక ఏమేం ఉన్నాయో చెప్పండి, ఆయనే ఒప్పుకుంటారు.

ఇంగ్లాండ్‌లో ఫార్మసిస్టు తన ఇష్టానికి టీకా వేయడు. పేషెంట్ గ్రూప్ డైరెక్షన్ అనే చట్టబద్ధమైన పత్రం ఒకటి ఉంటుంది, దాన్ని మేం పీజీడీ అంటాం. ఎవరికి వేయాలి, ఎవరికి వేయకూడదు, ఏ టీకా, ఎంత మోతాదు, శరీరంలో ఎక్కడ, వేశాక ఏం రాసిపెట్టాలి, తేడా వస్తే ఏం చేయాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. దాన్ని డాక్టర్లు, ఫార్మసిస్టులు కలిసి తయారుచేసి సంతకం పెడతారు. దాని కింద పనిచేసే ప్రతి ఫార్మసిస్టూ చదివి తన పేరుతో విడిగా సంతకం పెట్టాలి. షాపు యజమాని పెడితే చాలదు. అంటే మీ నాన్నగారు కోరుకుంటున్న డాక్టరు ఆ గదిలో కూర్చుని ఉండడు గానీ, ఆయన నిర్ణయం మాత్రం కాగితం మీద ఉంటుంది. ఈమధ్య కొన్ని సీజన్లుగా నేషనల్ ప్రోటోకాల్ అని ఇంకో పత్రం కూడా వచ్చింది. దాని కింద శిక్షణ పొందిన ఫార్మసీ టెక్నీషియన్లు కూడా టీకా వేయొచ్చు. అప్పుడు కూడా ముందు మీ వివరాలు చూసి వేయొచ్చని తేల్చాల్సింది అర్హత ఉన్న నిపుణులే. కాబట్టి మీకు వేసేది ఫార్మసిస్టు కాకపోయినా కంగారు పడకండి. అడిగితే వాళ్ళే చెప్తారు.

శిక్షణ సంగతి. స్పాంజి మెత్తల మీద, ప్లాస్టిక్ చేతుల మీద సూది గుచ్చడం నేర్పుతారు, కానీ నిజానికి అది తేలికైన భాగం. ఎక్కువ సమయం పట్టేది అనాఫిలాక్సిస్ గురించి. అంటే టీకా పడక ఒక్కసారిగా ఊపిరి ఆడకపోవడం, బీపీ పడిపోవడం. ఏ టీకాతోనైనా ఇది సుమారు పది లక్షల డోసులకు ఒకసారి జరిగే విషయం. చాలామంది ఫార్మసిస్టులు ఉద్యోగ జీవితం మొత్తంలో ఒక్కటి కూడా చూడరు. అయినా ప్రతి ఒక్కరం దానికి సిద్ధంగా ఉండాల్సిందే. నా గదిలో సిరంజిల ట్రే పక్కన, చెయ్యి చాపితే అందే దూరంలో, అనాఫిలాక్సిస్‌కు వాడే అడ్రినలిన్ మందు యాంపూళ్ళు ఉంటాయి. వాటి గడువు తేదీ ఎప్పటికప్పుడు చూసుకుంటాం. పెద్దవాళ్ళకు 500 మైక్రోగ్రాములు, అంటే అర మిల్లీలీటరు, తొడ బయటి వైపు కండలోకి. వెంటనే అంబులెన్సు కోసం 999కు ఫోను. ప్రాణం కాపాడటానికి అడ్రినలిన్ సూది ఎవరైనా వేయొచ్చని ఇక్కడి చట్టమే చెప్తుంది, కాబట్టి ఆ క్షణంలో ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. నాన్నగారికి ఇది ఒక్కటి చెప్పినా సగం భయం పోతుంది.

ఇంకొకటి, ఫ్రిజ్. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యనే ఉండాలి. ఎక్కువ వేడెక్కితే ఎంత చెడో గడ్డకట్టినా అంతే చెడు. పొద్దున షాపు తెరవగానే థర్మామీటర్‌లో నిన్నటి నుంచి నమోదైన గరిష్ఠం, కనిష్ఠం చూసి రాసిపెట్టి, మీట నొక్కి మళ్ళీ సున్నా చేస్తాం. ఒక్క అంకె తేడా ఉన్నా ఆ పెట్టెలు పక్కన పెట్టి కంపెనీకి ఫోన్ చేయాల్సిందే. "ఇండియా నుంచి ఐస్ ప్యాక్‌లో పెట్టుకుని టీకా తెచ్చాం, వేసిపెడతారా" అని మనవాళ్ళు అడుగుతుంటారు. వేయను, ఎవరూ వేయరు. దారిలో అది ఏ వేడికి గురైందో చెప్పే ఆధారం లేదు. నాన్నగారి సామాన్లలో అలాంటిది ఉంటే అక్కరకు రాదనే అనుకోండి.

ఇది నిన్న మొన్న మొదలైన ప్రయోగం కూడా కాదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 1990ల నడుమ ఫార్మసిస్టులకు టీకా శిక్షణ మొదలైంది. 2009 నాటికి 50 రాష్ట్రాల్లోనూ వాళ్ళకు ఫ్లూ టీకా వేసే అధికారం వచ్చింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మీ బంధువులుంటే అడగండి, సరుకులు కొనడానికి వెళ్ళినప్పుడే వేయించుకుని వస్తుంటారు. పోర్చుగల్, ఐర్లాండ్, కెనడా, ఆస్ట్రేలియా కూడా ఇదే దారిలో నడిచాయి. ఇంగ్లాండ్‌లో అంతకుముందు అక్కడక్కడా ఉన్నా, దేశమంతటా ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) తరఫున మొదలైంది 2015 శరదృతువులో. మొదటి సీజన్‌లో ఫార్మసీలు వేసిన డోసులు 6 లక్షలకు దగ్గరగా ఉన్నాయి. కోవిడ్ శీతాకాలం 2020-21లో 27 లక్షలు దాటాయి. స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌ల ఏర్పాట్లు వేరు. నేను చెప్పేదంతా ఇంగ్లాండ్ గురించే.

ఇంతకూ దీనివల్ల మేలేమిటి? మా పక్కనే జీపీ సర్జరీ, అంటే ఫ్యామిలీ డాక్టరు క్లినిక్, ఉండగా షాపులో ఎందుకు వేయాలి? దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. మా షాపుకు మెట్‌ఫార్మిన్ తీసుకోవడానికి వచ్చే ఒక టాక్సీ డ్రైవరును ఊహించుకోండి. నలభై అయిదేళ్ళు, షుగర్. రాత్రంతా కారు నడిపి పగలు పడుకునే మనిషి. సర్జరీ నుంచి ఫ్లూ టీకాకు రమ్మని ఫోనుకు మెసేజ్ వస్తుంది, చూస్తాడు, మర్చిపోతాడు. ఆరోగ్యం మీద అశ్రద్ధ అని కాదు. ఆ టైముకు ఆయన నిద్రలో ఉంటాడు. అదే మనిషి నెలకోసారి నా కౌంటర్ ముందు నిలబడతాడు. మందుల సంచి ఇస్తూ "మీకు షుగర్ కదా, ఫ్లూ టీకా ఉచితం, పది నిమిషాలు పడుతుంది" అంటే, "ఇప్పుడేనా?" అని అడుగుతాడు. ఇప్పుడే. ఆ ఒక్క మాటతో గదిలోకి వచ్చేవాళ్ళు చాలామంది. ఇంగ్లాండ్‌లో 65 దాటినవాళ్ళలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఏటా టీకా వేయించుకుంటారు. అంతకన్నా చిన్నవాళ్ళలో, షుగర్, ఆస్తమా, గుండె జబ్బు లాంటివి ఉన్నవాళ్ళలో అది 40 శాతం దగ్గరే ఆగిపోతోంది. ఆ మిగతా వాళ్ళంతా ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, పిల్లల్ని బడికి దింపేవాళ్ళు, సెలవు దొరకనివాళ్ళు. వాళ్ళ మందులు మా అరల్లోనే ఉంటాయి. వాళ్ళను పేరుపెట్టి పిలిచి అడగగలిగేది మేమే. ఫార్మసీలో టీకా వేయడానికి అసలు కారణం నా దృష్టిలో ఇదే. మీకు దగ్గర, శనివారం కూడా తెరిచి ఉంటుంది అన్నవి ఆ తర్వాతి సంగతులు.

మొదట్లో జీపీలకు ఇది నచ్చలేదు, దానిలో న్యాయం కూడా ఉంది. ముందు శీతాకాలంలోనే వచ్చే ఏటికి ఎన్ని డోసులు కావాలో అంచనా వేసి ఆర్డరు పెట్టాలి. పేషెంట్లు ఫార్మసీకి వెళ్ళిపోతే సర్జరీ ఫ్రిజ్‌లో టీకాలు మిగిలిపోతాయి, ఆ నష్టం వాళ్ళది. మా పరిస్థితీ అదే. ఒక టీకా వేసినందుకు ఎన్‌హెచ్‌ఎస్ ఇచ్చే రుసుము పది పౌండ్లు అటూ ఇటూ ఉంటుంది, టీకా ఖర్చు దానికి వేరుగా ఇస్తుంది. అందువల్ల కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ కొంచెం లాగులాట ఉంటుంది. మీరు పట్టించుకోనక్కర్లేదు. ఎక్కడ వేయించుకున్నా ఒకటే టీకా. మేం వేసిన సంగతి అదే రోజో, మర్నాటి పనిదినానికో మీ జీపీ రికార్డుకు చేరుతుంది. ఒక్కోసారి అది ఎక్కక, వేయించుకున్నాక కూడా రమ్మని మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. అలాంటప్పుడు రెండోసారి వెళ్ళి వేయించుకోకండి. షాపులో ఇచ్చిన కాగితంలో టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ ఉంటాయి. అది సర్జరీలో చూపిస్తే సరిచేస్తారు.

ఇక మీ ఇంట్లో ఒక్కొక్కరి గురించి.

నాన్నగారికి 65 దాటింది కాబట్టి మామూలు టీకా కాకుండా పెద్దవాళ్ళ కోసం తయారుచేసినది అడగండి. వయసు పెరిగే కొద్దీ టీకాకు శరీరం స్పందించడం తగ్గుతుంది. అందుకని రోగనిరోధక శక్తిని తట్టిలేపే అడ్జువంట్ కలిపిన టీకా గానీ, ఎక్కువ మోతాదు టీకా గానీ వాళ్ళకు ఇస్తారు. ఆయన విజిటర్ వీసా మీద వచ్చారు కాబట్టి రెండు దారులున్నాయి. జీపీ దగ్గర రిజిస్టర్ చేయించవచ్చు, అందుకు డబ్బు తీసుకోరు. లేదా ఫార్మసీలో ప్రైవేటుగా డబ్బు కట్టి వేయించవచ్చు. సాధారణంగా 20 పౌండ్లు అటూ ఇటూ అవుతుంది. ప్రైవేటుగా అయితే వెళ్ళేముందు ఫోన్ చేసి "65 దాటినవాళ్ళ టీకా మీ దగ్గర ఉందా" అని తప్పకుండా అడగండి. కొన్ని షాపుల్లో ప్రైవేటు వాళ్ళ కోసం మామూలు టీకాయే తెప్పిస్తారు.

క్లోపిడోగ్రెల్ వాడుతున్నారని టీకా ఆపనక్కర్లేదు, టీకా కోసం ఆ మాత్ర ఆపడం అసలే వద్దు. స్టెంట్ ఉన్న మనిషి తనంతట తాను ఆ మాత్ర మానేస్తే ప్రమాదం. ఫార్మసిస్టుకు ముందే చెప్పండి చాలు. సన్న సూదితో వేసి, దూదితో రెండు నిమిషాలు గట్టిగా నొక్కి పెట్టమంటారు. రుద్దకూడదు. మనవాళ్ళకు సూది పడగానే ఆ చోట గట్టిగా రుద్దే అలవాటు ఉంది, చిన్నప్పుడు ఇంజెక్షన్ వేశాక కాంపౌండరే రుద్దేవాడు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు అలా రుద్దితే చేయి నల్లగా కమిలిపోతుంది. వార్ఫరిన్ వాడేవాళ్ళయితే రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష తాజాగా చేయించి, అది వాళ్ళకు నిర్ణయించిన హద్దులోనే ఉండాలి.

మీ ఆవిడకు ఏ నెలలోనైనా వేయొచ్చు, ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉచితం. ఇది చాలామంది వాయిదా వేస్తారు, "కాన్పు అయ్యాక చూద్దాం" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. అలా ఆగకండి. గర్భంతో ఉన్నప్పుడు ఫ్లూ వస్తే తల్లికి ఊపిరితిత్తుల దాకా పాకే ప్రమాదం ఎక్కువ. పైగా పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఫ్లూ టీకా వేయరు. ఆ నెలల్లో బిడ్డకు ఉండే కాపుదల తల్లి దగ్గర నుంచి వచ్చే యాంటీబాడీలే. ఇందులో బతికున్న వైరస్ ఉండదు, కాబట్టి దీనివల్ల ఫ్లూ రావడమనేది ఉండదు. కోరింత దగ్గు టీకా 16 వారాల నుంచి, పసిపిల్లల ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌కు టీకా 28 వారాల నుంచి వేస్తారు. అవి వేరు, వాటిని మిడ్‌వైఫ్‌తో మాట్లాడండి.

మీకు రోజూ స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఉంది కాబట్టి ఎన్‌హెచ్‌ఎస్ లెక్కలో మీరూ అర్హులే. చాలామంది మగవాళ్ళు "నాకేం జబ్బు, నేను బాగానే ఉన్నానుగా" అని తమను లెక్కలోంచి తీసేసుకుంటారు. మీరు ఆ పని చేయకండి.

పాప విషయంలోని మెలిక ఇది. పిల్లలకు సూది కాదు, ముక్కులో చల్లే స్ప్రే. ఇన్నాళ్ళూ రెండు, మూడేళ్ళ పిల్లలకు అది జీపీ దగ్గరే దొరికేది. 2025 అక్టోబరు నుంచి ఫార్మసీల్లోనూ ఇచ్చే ఏర్పాటు వచ్చింది, కానీ అన్ని షాపులూ ఇవ్వవు, అడిగి వెళ్ళండి. స్ప్రేలో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది. ఇంట్లో గర్భిణి ఉన్నా పాపకు వేయించడానికి అది అడ్డు కాదు. ఆ స్ప్రేలో పంది నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది, కొన్ని కుటుంబాలు ఆ కారణంగా వద్దనుకుంటాయి. మీకూ అలా అనిపిస్తే ఊరుకుని పాపను టీకా లేకుండా వదిలేయకండి, జెలటిన్ లేని సూది టీకా ఉంది, జీపీ దగ్గర అడగండి.

ఎప్పుడు వెళ్ళాలి? ఇటీవలి సీజన్లలో గర్భిణులకు, పిల్లలకు సెప్టెంబరు మొదటి నుంచి, మిగతావాళ్ళకు అక్టోబరు నుంచి మొదలుపెడుతున్నారు. పెద్దవాళ్ళలో టీకా బలం నెలలు గడిచే కొద్దీ తగ్గుతుంది, ఫ్లూ ఉధృతి ఎక్కువగా డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్యన ఉంటుంది, అందుకే ఆ తేడా. టీకా వేశాక కాపుదల రావడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. కాబట్టి దీపావళి లోపల పని పూర్తి చేసుకుంటే మంచిది. ఆలస్యమైనా మానేయకండి, జనవరిలో వేయించుకున్నా వృథా కాదు.

గదిలో ఏం జరుగుతుందో కూడా చెప్తాను, నాన్నగారికి ముందే తెలిస్తే మంచిది. తలుపు వేసి ఉన్న చిన్న గది, రెండు కుర్చీలు, పసుపు రంగు డబ్బా ఒకటి. వాడిన సూదులు అందులోనే పడతాయి, మళ్ళీ బయటకు రావు. ముందు ప్రశ్నలు. ఇంతకుముందు టీకా పడకపోవడం జరిగిందా, గుడ్డు పడదా, ఇప్పుడు జ్వరం ఉందా, ఏ మందులు వాడుతున్నారు. తర్వాత కంప్యూటర్‌లో చూసి ఈ సీజన్‌లో ఇప్పటికే వేశారేమో నిర్ధారించుకుంటాం. ఆపైన మీ కళ్ళముందే సీలు తీసిన, ఒకరికే వాడే సిరంజి. ముందే మందు నింపి వస్తుంది, సీసాలోంచి లాగే పని ఉండదు. కావాలంటే గడువు తేదీ చూపించమని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. గుచ్చడం రెండు మూడు సెకన్లు. ఆ తర్వాత కాసేపు షాపులోనే కూర్చోమంటాం. సూది అంటే భయంతో కళ్ళు తిరిగి పడేవాళ్ళు ఉంటారు, అలర్జీ కన్నా అదే ఎక్కువ చూస్తాం.

బట్టల గురించి ఒక మాట. సూది భుజం కింది కండలో, భుజం ఎముక అంచుకు రెండు మూడు వేళ్ళ కింద పడాలి. చలికి థర్మల్, దాని మీద చొక్కా, దాని మీద స్వెటరు వేసుకుని వచ్చి, కాలరు పక్కకు లాగి "ఇక్కడ వేయండి" అంటారు. అలా లాగితే కనిపించేది భుజం పై భాగం. అక్కడ పడితే కీలు దగ్గరికి వెళ్ళి నెలల తరబడి చెయ్యి ఎత్తలేనంత నొప్పి వచ్చే ప్రమాదం ఉంది. నేనైతే చొక్కా చెయ్యి పూర్తిగా తీయమంటాను, ఒప్పుకోకపోతే వేయను. మన ఆడవాళ్ళ విషయంలో బిగుతు జాకెట్టు చేతులతో ఇదే ఇబ్బంది. మీ ఆవిడ వదులు చేతులున్న కుర్తా వేసుకుని వస్తే హాయి. మగ ఫార్మసిస్టు అయితే మొహమాటం అనుకుంటే తోడుగా ఎవరినైనా గదిలోకి తీసుకురావచ్చు, ఆడవాళ్ళు వేసే షాపును వెతుక్కోవచ్చు, అడగడం తప్పు కాదు.

వేశాక చెయ్యి ఒకటి రెండు రోజులు నొప్పిగా ఉంటుంది. కొంచెం ఒళ్ళునొప్పులు, వెచ్చదనం రావచ్చు, అవసరమైతే పారాసెటమాల్ వేసుకోండి. పెద్దవాళ్ళ టీకాతో ఇవి కాస్త ఎక్కువగా ఉంటాయి. పత్యం ఏమీ లేదు. వంకాయ తినొచ్చు, పెరుగు తినొచ్చు, తలస్నానం చేయొచ్చు. ఇవన్నీ నన్ను రోజూ అడుగుతారు కాబట్టి రాస్తున్నాను. అనుకోనిది ఏదైనా కనిపిస్తే ఎల్లో కార్డ్ అనే ఏర్పాటు ద్వారా మీరే నేరుగా ప్రభుత్వానికి తెలియజేయవచ్చు, ఫార్మసిస్టూ సాయం చేస్తాడు.

ఈ టీకా ఏం చేయదో కూడా చెప్పాలి, లేకపోతే డిసెంబరులో నాన్నగారు తుమ్మగానే "చూశావా, వేయించుకుని ఏం లాభం" అంటారు. ఇది జలుబును ఆపదు. ఫ్లూను కూడా నూటికి నూరు పాళ్ళు ఆపదు. ఏటా ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉత్తరార్ధగోళానికి రాబోయే శీతాకాలపు వైరస్ రకాలను అంచనా వేసి చెప్తుంది. ఆ అంచనా బాగా కలిసిన ఏడాది డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సినంత ఫ్లూ 40 నుంచి 60 శాతం దాకా తగ్గుతుంది. పెద్ద వయసులో అంతకన్నా తక్కువ. ఆయనలా షుగరూ, గుండె జబ్బూ రెండూ ఉన్న మనిషికి దీని అసలు ప్రయోజనం, ఫ్లూ వచ్చినా ఆసుపత్రి మంచం దాకా వెళ్ళే అవకాశం తగ్గడం. ఆ తగ్గింపు కోసమే నేను మా ఇంట్లోవాళ్ళందరికీ వేయిస్తాను.

నేను వెనక్కి పంపేవాళ్ళూ ఉంటారు. ఒంట్లో తీవ్రమైన జ్వరం ఉంటే తగ్గాక రమ్మంటాను. వట్టి ముక్కు కారడమైతే అడ్డు కాదు. ఇంతకుముందు ఫ్లూ టీకాకే అనాఫిలాక్సిస్ వచ్చినవాళ్ళకు వేయను, వాళ్ళు డాక్టరుతో మాట్లాడాలి. గుడ్డు పడనివాళ్ళకు గుడ్లతో పనిలేకుండా కణాల్లో పెంచి తయారుచేసిన టీకా ఉంది, షాపులో ముందే చెప్తే తీసిపెడతారు. రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా లాంటి జబ్బులు ఉంటే వాళ్ళ ఆసుపత్రి వాళ్ళ సలహాతోనే.

మన దగ్గర కూడా మందుల షాపుల్లో ఇలా వేస్తే బాగుండును కదా అని మీ ప్రశ్న కింద ఇంకొకరు అడిగారు. మన దేశంలో ఫ్లూ టీకా ప్రభుత్వ సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు. డాక్టరు దగ్గరో ఆసుపత్రిలోనో వేయించుకోవాలి, ఒక డోసు సుమారు రెండు వేల రూపాయలు అవుతుంది. 2008 నుంచి ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సు ఉంది, ఆరేళ్ళు చదివి ఆసుపత్రి వార్డుల్లో పనిచేసిన పిల్లలు విజయవాడలో, వరంగల్‌లో, హైదరాబాద్‌లో ఎంతమందో ఉన్నారు. వాళ్ళకు ఈ పని చేతకాక కాదు. కానీ సర్టిఫికెట్ ఉన్న మనిషి కౌంటర్ వెనక నిజంగా నిలబడాలి. కరెంటు పోయినా ఫ్రిజ్ నిలవాలి. అడ్రినలిన్ వేసే అధికారం, వేసిన ప్రతి డోసూ నమోదయ్యే రికార్డు ఉండాలి. అవేవీ లేకుండా సూది ఒక్కటీ చేతికిస్తే, నాన్నగారు భయపడినదే నిజమవుతుంది. అవి వచ్చిన రోజున మాత్రం ప్రతి మండలంలోనూ ఒక టీకా గది తెరుచుకున్నట్టే. అందుకోసం అడగాల్సింది ముందు మా వృత్తిలోని వాళ్ళమే.

నాన్నగారు మార్చిలో గుంటూరు వెళ్ళిపోతారు కాబట్టి, ఇక్కడ ఇచ్చిన కాగితం ఆయన ఫైల్లో పెట్టి పంపండి. మన దగ్గర వానాకాలంలోనూ ఫ్లూ పెరుగుతుంది. తర్వాతి డోసు ఎప్పుడు వేయించాలో అక్కడి డాక్టరు ఆ తేదీ చూసి చెప్తారు. షాపుకు వెళ్ళే రోజున ఆయన మందుల చీటీ, గుంటూరు డాక్టరు రాసిన స్టెంట్ కాగితం, పాస్‌పోర్టు వెంట తీసుకెళ్ళండి. మీ ముగ్గురి ఎన్‌హెచ్‌ఎస్ నంబర్లు దగ్గరుంటే పని తొందరగా అవుతుంది. అందరికీ ఒకే రోజు అపాయింట్‌మెంట్ అడగండి, శనివారం పొద్దున అయితే రద్దీ ఎక్కువ, వారం మధ్యలో సాయంత్రం మేలు.